ఫామ్ పనికి పికప్ కొనేముందు: లోడు, బ్రేకు, ట్రైలర్ లెక్కలు

హైదరాబాద్ చుట్టూ శంకర్‌పల్లి, చేవెళ్ల, షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు డెయిరీయో, గొర్రెల షెడ్డో, పండ్లతోటో పెట్టుకున్నవాళ్లు షోరూమ్‌కి వెళ్లగానే అడిగేది "ఎన్ని హెచ్‌పీ? మైలేజీ ఎంత?" అని. అవి అడగాల్సినవే, కాకపోతే తర్వాత. ముందు ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సింది వేరే ఉంది: మీ పనిలో అన్నిటికన్నా బరువైన లోడు ఏది, అది ఎన్ని కిలోలు, ఏ దారిన వెళ్తుంది.

కాగితం మీద రాసి చూడండి. 50 కిలోల దాణా బస్తాలు 30 వేస్తే 1,500 కిలోలు. 40 లీటర్ల పాల క్యాన్లు 20 అంటే పాలే 800 లీటర్లు, క్యాన్ల బరువు కలిపితే టన్నుకు దగ్గర. ఎదిగిన ముర్రా గేదె ఒక్కోటి 500 నుంచి 600 కిలోలు తూగుతుంది. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే నీళ్లే టన్ను. వరిగడ్డి కట్టలు మాత్రం బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. అక్కడ ఇబ్బంది గాలితో, కరెంటు తీగలతో. ఏడాదికి ఒకసారి వచ్చే లోడు కోసం పెద్ద బండి కొనొద్దు, దానికి డీసీఎం కిరాయికి దొరుకుతుంది. వారానికి రెండు మూడుసార్లు వచ్చే లోడే మీ కొలత.

ఇప్పుడు బండి వైపు లెక్క. బ్రోచర్‌లో "పేలోడ్ 1.3 టన్ను" అని ఉంటే అదంతా మీ సరుకుకే అనుకోకూడదు. ఆర్‌సీలో ఖాళీ బరువు, లోడుతో కలిపిన గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. ఉదాహరణకు ఖాళీ బరువు 1,700, గరిష్ఠం 3,000 ఉంటే మధ్యలో మిగిలేది 1,300. డ్రైవరు, పక్కన ఒక మనిషి కలిసి 150 కిలోలు. గొర్రెల కోసం ఇనుప జాలీ, పైన హుడ్డు, కింద చెక్కర్డ్ ప్లేటు వేయిస్తే ఇంకో 150 దాకా పోతుంది. చేతిలో మిగిలింది టన్ను. అందుకే బాడీ పని పూర్తయిన రోజే బండిని ఖాళీగా ధర్మకాంటా ఎక్కించి చీటీ తీసుకోండి. ఆ చీటీలోని అంకే నమ్మదగింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడ్‌కు జరిమానా 20 వేల రూపాయలు, పైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున.

ఓవర్‌లోడ్ మాట వచ్చింది కాబట్టి, అందరూ చేయించే పని ఒకటి చెప్పాలి: వెనక కమాన్ పట్టీలకు, అంటే లోడు మోసే స్ప్రింగ్ పట్టీలకు, ఇంకో పట్టీ కలపడం. మెకానిక్ అరపూటలో వేసేస్తాడు. బండి కుంగదు, చూడ్డానికి బలంగా నిలబడుతుంది. కానీ బలపడింది పట్టీ ఒక్కటే. యాక్సిల్, హబ్ బేరింగులు, బ్రేక్ డ్రమ్ములు, ఛాసిస్ మీద పట్టీ కూర్చునే బ్రాకెట్లు, టైర్లు అన్నీ పాతవే. ఇంతకన్నా కనపడని ప్రమాదం ఇంకొకటి ఉంది. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దాని పైన వాల్వు ఉంటాయి. బండి లోడుతో ఎంత కిందికి దిగిందో ఆ కడ్డీ కొలిచి, దాన్ని బట్టి వెనక చక్రాలకు బ్రేకు ప్రెషర్ పంపిస్తుంది. పట్టీ ఎక్కువ వేస్తే బండి దిగదు, దాంతో వాల్వుకు బండి ఖాళీగా ఉన్నట్టే లెక్క, వెనక బ్రేకుకు ప్రెషర్ తగ్గించేస్తుంది. టన్నున్నర వేసుకున్నప్పుడు సగం బ్రేకు! ఒకవేళ పట్టీ వేయించక తప్పకపోతే ఆ వాల్వును కంపెనీ సర్వీసు సెంటర్‌లో మళ్లీ సెట్ చేయించాలి. నా మాట వింటే పట్టీ వేయించకుండా ఒక మెట్టు పై పేలోడ్ బండే కొనండి.

ఇక బండ్ల విషయం. మన దగ్గర ఎక్కువగా తిరిగేది బొలెరో పికప్. 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, 1.3 నుంచి 1.7 టన్నుల దాకా పేలోడ్. అదే ఇంటిపేరుతో వచ్చిన మ్యాక్స్ పికప్‌లో 2 టన్నుల దాకా ఉంది. ఇంజిన్ బలం 80 హెచ్‌పీ లోపే, కానీ తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, పొలం పనికి కావాల్సింది అదే. అన్నిటికన్నా పెద్ద లాభం, దీని సామాను మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. టాటా యోధ 2.0 2022లో వచ్చింది, 2.2 లీటర్ల ఇంజిన్, 100 హెచ్‌పీ, 2 టన్నుల పేలోడ్. బరువు ఎక్కువ, దూరం ఎక్కువ ఉన్నవాళ్లకు ఇది సరైనది. టాటా ఇంట్రా వీ30, వీ50, అశోక్ లేలాండ్ దోస్త్ ప్లస్ తారు రోడ్డుకు, నగరంలో ఇరుకు గల్లీలకు బాగుంటాయి. రోజూ పాలు, కూరగాయలు సిటీలో దించేవాళ్లు వీటినే చూడాలి. వర్షాకాలం గుంతల బాటలో రోజూ లోడుతో దిగేవాళ్లకు మాత్రం నేను చెప్పను.

డబుల్ క్యాబిన్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు వేరే జాతి. ఇసుజు వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల ఇంజిన్, 163 హెచ్‌పీ. టయోటా హైలక్స్‌లో 2.8 లీటర్లు, 204 హెచ్‌పీ, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్. లాగే బలం పుష్కలం. కానీ మన దేశంలో అమ్మే ఈ మోడళ్లలో బాడీలో వేయగలిగే బరువు బొలెరో పికప్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఐదుగురు కూర్చుని వెళ్లి, కొంచెం సామాను వేసుకుని, బురదలోంచి బయటపడటానికి ఇవి. రోజూ దాణా మోయడానికి కావు. కొనేముందు దగ్గర్లో సర్వీసు సెంటర్ ఎంత దూరంలో ఉందో చూసుకోండి. మామూలు డీజిల్ పికప్‌ల సామాను కంపెనీ దగ్గర లేకపోయినా రాణిగంజ్‌లోనో, వనస్థలిపురం ఆటోనగర్‌లోనో దొరకొచ్చు. తక్కువ అమ్ముడయ్యే మోడల్‌కు ఆ సౌకర్యం ఉండదు.

ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా కావాలా? ఎర్ర చెల్క నేలల్లో చాలామందికి అక్కర్లేదు. నల్లరేగడిలో, ముఖ్యంగా శంకర్‌పల్లి, వికారాబాద్ దారుల్లో, జులై వానల్లో పొలం లోపలికి వెళ్లాల్సి వస్తే కావాలి. ఖాళీ పికప్ బురదలో ఎందుకు కూరుకుపోతుందంటే వెనక చక్రాల మీద బరువు లేకపోవడం వల్ల. రేగడి మన్ను టైరు గాడుల్లో నిండిపోయి టైరు నున్నగా అయిపోతుంది, ఇక ఎంత యాక్సిలరేటర్ తొక్కితే అంత లోతుకు దిగుతుంది. వెనక యాక్సిల్ పైన ఇసుక బస్తాలు 150 నుంచి 200 కిలోలు వేసుకుని, వెనక రెండు టైర్లు లోతు గాడుల రకానివి వేయిస్తే చాలా చోట్ల టూ వీల్ డ్రైవే బయటపడుతుంది. టైరు మార్చేటప్పుడు సైజు ఒక్కటే చూడొద్దు, పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ చూడండి. 112 అని ఉంటే ఆ టైరు 1,120 కిలోలు మోస్తుంది. 100 అయితే 800 మాత్రమే. కారు టైరు పట్టింది కదా అని పికప్‌కు వేస్తే ఎండాకాలం లోడుతో పగులుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్6 డీజిల్ బండ్లకు పొలంలో ఒక కొత్త తలనొప్పి ఉంది: సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్. ఇది నిండాక బాగా వేడెక్కి మసిని తనే కాల్చేసుకోవాలి. షెడ్డు నుంచి ఊరికి రెండు కిలోమీటర్లు, ఊరి నుంచి షెడ్డుకు రెండు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ వేడి రాదు. ఫిల్టర్ మూసుకుపోతుంది, బండి బలం తగ్గించేసుకుంటుంది. వారానికి ఒకసారైనా హైవే మీద 20, 30 నిమిషాలు ఆపకుండా నడపాలి. మీటరులో డీపీఎఫ్ లైటు వెలిగితే అదే రోజు నడపాలి, రేపు అనొద్దు. ఇంకొక జాగ్రత్త ప్రాణం మీదిది: మసి కాలుతున్నప్పుడు సైలెన్సర్ విపరీతంగా వేడెక్కుతుంది. ఆ సమయంలో బండిని ఎండు గడ్డి మీద, వరిగడ్డి వాము పక్కన ఆపితే నిప్పు అంటుకోవచ్చు. గడ్డి దించే చోట కింద మట్టి నేల ఉండాలి. డీజిల్‌ను డ్రమ్ముల్లో నిల్వ పెట్టి వాడే అలవాటు కూడా ఈ ఇంజిన్లకు పనికిరాదు. డ్రమ్ములో చేరిన నీరు, తుప్పు ఇంజెక్టర్లను పాడు చేస్తాయి. డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న నీటి కప్పును అప్పుడప్పుడు వదులు చేసి అందులోని నీరు దించేయండి.

ట్రైలర్ లాగడం గురించి అమెరికా వీడియోలు చూసి ఆశపడేవాళ్లు ఎక్కువయ్యారు. అక్కడ పికప్ వెనక గుర్రాల ట్రైలర్ మామూలు. ఇక్కడ మన చట్టం ప్రకారం ట్రైలర్ కూడా ఒక వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. వెల్డింగ్ షాపులో చేయించి తగిలించేది చెల్లదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా నిలబడదు. బండి ఎంత లాగొచ్చో ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటేనే లాగండి. హైలక్స్ విదేశాల్లో బ్రేకులున్న ట్రైలర్‌ను 3,500 కిలోల దాకా లాగుతుందని చదివి, ఇక్కడి బండికి ఆ అంకె వేసుకోకూడదు.

అన్నీ సరిగా ఉండి లాగుతున్నప్పుడు చూడాల్సింది బరువు ఎక్కడ ఉందని. ట్రైలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు హిచ్ మీద, అంటే బండి వెనక బాల్ మీద పడాలి. వెయ్యి కిలోల ట్రైలర్‌కు 100 కిలోలు. ఆ 100 కిలోలు మీ పేలోడ్‌లోంచే తీసేయాలి. బరువు ట్రైలర్ వెనక భాగంలో ఎక్కువైతే హిచ్ పైకి లేస్తుంది, 60 దాటగానే ట్రైలర్ తోకలా అటూఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కినా, స్టీరింగ్ తిప్పి సరిచేయబోయినా బండి పల్టీ కొడుతుంది. స్టీరింగ్ నేరుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయాలి, వేగం దానంతట అది తగ్గాలి. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. బ్రేకుల్లేని ట్రైలర్‌తో ఆ గీతను మనమూ దాటకుండా ఉంటే మంచిది. సేఫ్టీ చైన్లు రెండు, కప్లర్ (బాల్‌ను పట్టుకునే ట్రైలర్ ముక్కు) కింద నుంచి అడ్డంగా ఒకదాని మీద ఒకటి వేయాలి, హిచ్ ఊడినా ట్రైలర్ ముక్కు ఆ చైన్ల మీద ఆగుతుంది.

ట్రాక్టర్ ట్రాలీని పికప్‌కు తగిలించడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఖాళీ ట్రాలీయే టన్నుకు అటూఇటూ ఉంటుంది, రెండు చక్రాల ట్రాలీ తన బరువులో పెద్ద భాగం హుక్కు మీదే వేస్తుంది, చాలావాటికి బ్రేకులే ఉండవు. ట్రాక్టర్ పని ట్రాక్టరే చేయాలి. బురదలో ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు కూడా ట్రైలర్ బాల్‌కు తాడు కట్టొద్దు, ఆ బాల్ విరిగితే తూటాలా వస్తుంది. ఛాసిస్‌కు ఉండే టో హుక్కుకే కట్టాలి, పక్కన మనుషులు తాడు పొడవుకు మించి దూరంగా నిలబడాలి.

నీళ్ల ట్యాంకు వేసేవాళ్లు దాన్ని క్యాబిన్‌కు ఆనించి పెట్టి, రాచెట్ బెల్టులతో బాడీ కొక్కేలకు బిగించాలి. సగం నింపిన ట్యాంకు నిండిన ట్యాంకు కన్నా ప్రమాదం. మలుపులో నీళ్లు ఒక పక్కకు ఒరిగితే బండీ ఒరుగుతుంది. నింపితే పూర్తిగా నింపండి, లేదా లోపల అడ్డుపలకలున్న ట్యాంకు కొనండి.

పశువులను తీసుకెళ్లేవాళ్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే కొలతలు ఉన్నాయి: ఆవుకు, గేదెకు 2 చదరపు మీటర్లు, గొర్రెకు, మేకకు 0.3, మధ్యలో అడ్డుకట్టలు. 9 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పున్న బాడీ 4.6 చదరపు మీటర్లు. అంటే రెండు గేదెలు, లేదా 15 గొర్రెలు. జియాగూడ గొర్రెల మార్కెట్‌కు 40 గొర్రెలను కుక్కి తీసుకెళ్తే దారిలో కింద పడ్డది మళ్లీ లేవదు. నేల మీద రబ్బరు మ్యాటు, దాని పైన గడ్డి వేస్తే కాళ్లు జారవు.

కూలీలను వెనక ఎక్కించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ఏదైనా జరిగితే పరిహారం భారం ఓనరు మీదే. మనుషులు రోజూ వెళ్లాల్సిన పని ఉంటే బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ తీసుకోండి, పేలోడ్ టన్నుకు తగ్గినా సరే. లైసెన్సు విషయంలో ఇబ్బంది లేదు: 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రం ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. కొటేషన్ పాతదైతే కొత్తది అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ముందు బండి కింద పడుకోండి. పట్టీ బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్, కొత్త నల్లరంగు కనిపిస్తే ఓవర్‌లోడ్ తిన్న బండి, వదిలేయండి. 50 వేగంలో యాక్సిలరేటర్ వదలగానే వెనక నుంచి గుయ్యిమనే శబ్దం వస్తే డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలోని గేర్లు) అరిగింది. ఫైనాన్స్ ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. చలాన్లు, ట్యాక్సు ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు.

కొత్తదైనా, పాతదైనా మొదటి పూర్తి లోడు దించాక పట్టీలను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు, చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. లోడు పడ్డాక పట్టీలు సర్దుకుని యూ బోల్టులు వదులవుతాయి. అలాగే తిప్పితే పట్టీ మధ్యలోని సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరుగుతుంది.