రెండు డీవీడీ ప్లేయర్లు, గీతలు పడ్డ ఒకే ఒక్క డిస్కు

పోయిన నెల మా పాత డీవీడీ ప్లేయర్ ట్రే బయటికి రావడం మానేసింది. బటన్ నొక్కితే లోపల మోటార్ గిర్రుమని తిరిగిన చప్పుడు వస్తుంది గానీ ట్రే కదలదు, పైన అరచేత్తో ఒకటి చరిస్తే అరంగుళం బయటికొచ్చి మళ్లీ సిగ్గుపడ్డట్టు లోపలికి పోతుంది. ఇంట్లో అందరూ పారేయమన్నారు. నా బాధల్లా లోపల ఇరుక్కున్న డిస్కు గురించే, అది అమ్మానాన్నల పాత వీడియో క్యాసెట్ నుంచి ఎక్కించుకున్నది, గీతలు పడిపోయింది, ఇంకో కాపీ లేదు.

మూత విప్పి చూస్తే తప్పంతా రబ్బరు బెల్టుది. ట్రేని నడిపే చిన్న మోటార్‌కీ పక్కనున్న ప్లాస్టిక్ చక్రానికీ మధ్య ఉంగరం కంటే కాస్త పెద్ద బెల్టు ఒకటి ఉంటుంది, ఏళ్లు గడిచేసరికి అది సాగి, నున్నబడి, పట్టు లేక జారిపోతూ ఉంటుంది. తీసి స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి మళ్లీ తొడిగితే ట్రే చక్కగా బయటికొచ్చింది. (మీరూ విప్పాలనుకుంటే ముందు ప్లగ్ పీకేయండి, పీకాక కూడా పవర్ సప్లై బోర్డు జోలికి పోకండి, పెద్ద కెపాసిటర్లో కరెంటు కాసేపు నిలవుంటుంది.)

అయితే ఈ లోపే కంగారుపడి ఇంకో ప్లేయర్ కొనేశాను. పల్చగా, తేలిగ్గా ఉంది, హెచ్‌డీఎంఐ ఉంది, ముందు యూఎస్‌బీ ఉంది, అట్ట పెట్టె మీద 1080 అని పెద్దక్షరాలతో రాసుంది. సరే, రెండూ ఉన్నాయి కదా అని ఒక ఆదివారమంతా ఒకే టీవీకి తగిలించి, అవే డిస్కులు మార్చి మార్చి వేసి చూశాను.

బొమ్మ విషయంలో కొత్తదే గెలిచింది, కానీ పెట్టె మీద రాసిన కారణం వల్ల కాదు. పాతదాన్ని నేను ఇన్నేళ్లూ పసుపు రంగు వైరుతోనే చూస్తూ వచ్చాను. ఆ ఒక్క వైరులో వెలుగూ రంగూ కలిపి పంపిస్తారు, టీవీ మళ్లీ వాటిని విడదీసుకోవాలి, అందుకే ఎర్ర చీర అంచు దగ్గర రంగు పక్కకి కారినట్టు, సన్నటి అక్షరాల చుట్టూ చీమలు పాకినట్టు కనిపిస్తుంది. హెచ్‌డీఎంఐలో ఆ గొడవే లేదు. తర్వాత పాతదాని వెనకున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంపోనెంట్ పిన్నులకి (వీటిలో వెలుగూ రంగూ విడివిడిగా పోతాయి) వైర్లు తగిలించి, సెటప్‌లో ప్రోగ్రెసివ్ స్కాన్ (బొమ్మలోని వరసల్ని రెండు విడతలుగా కాకుండా ఒకేసారి పంపడం) ఆన్ చేశాను. తేడా దాదాపు పోయింది! ఇన్నాళ్లూ ప్లేయర్ని తిట్టుకున్నాను, తప్పు వైరుదన్నమాట.

ఇక ఆ 1080 సంగతి. డీవీడీలో ఉండే బొమ్మ పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) అయితే 720x576 చుక్కలు, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) అయితే 720x480. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర 1920x1080. లెక్క వేస్తే పాల్ డిస్కులో సుమారు 4 లక్షల 15 వేల చుక్కలుంటే తెర మీద 20 లక్షల 73 వేలు నింపాలి, అంటే ప్రతి 5 చుక్కల్లో 4 ఊహించి పెట్టినవే. అప్‌స్కేలింగ్ అంటే అంతే, లేని వివరం ఎక్కడి నుంచో ఊడిపడదు. పైగా ప్లేయర్ ఆ పని చేయకపోతే టీవీ ఎలాగూ చేస్తుంది, చేయకపోతే బొమ్మ తెర మధ్యలో చిన్న కిటికీలా ఉండిపోతుంది కదా. కొత్త ప్లేయర్‌ని ఒకసారి 576లోనూ ఒకసారి 1080లోనూ పెట్టి చూస్తే, నిజం చెప్పాలంటే, మా టీవీ చేసిన పనే కాస్త బాగుంది. ఈ అంకె చూసి మాత్రం ఎవరూ డబ్బులు ఎక్కువ పెట్టకండి.

మనుషులు అడ్డంగా సాగిపోయి లావుగా కనబడుతుంటే ప్లేయర్ సెటప్‌లో టీవీ సైజు 4:3 అని ఉండిపోయిందేమో చూడండి, 16:9 చేయాలి. చాలా ప్లేయర్లలో డిస్కు ఆడుతుండగా ఈ మెనూ బూడిద రంగులో ఉండి ముట్టుకోనివ్వదు, స్టాప్ రెండుసార్లు నొక్కాకే తెరుచుకుంటుంది. ఇది తెలియక నేను మొదట్లో రిమోట్ పాడైందనుకుని బ్యాటరీలు కూడా మార్చాను.

సౌండ్‌లో నన్ను ఎక్కువ ఏడిపించింది డౌన్‌మిక్స్, అంటే ఎక్కువ స్పీకర్ల సౌండ్‌ని తక్కువ స్పీకర్లలోకి కలపడం. పాత ప్లేయర్‌కి 5.1 (ఐదు స్పీకర్లూ, ఒక బాస్ స్పీకరూ) కోసం వెనక ఆరు పిన్నులున్నాయి, నేను తగిలించినవి రెండే స్పీకర్లు. సినిమాలో పాటలు, వాన చప్పుడు, కార్ల మోత అన్నీ బ్రహ్మాండంగా వినపడుతున్నాయి, మాటలు మాత్రం ఎవరో పక్కగదిలో గొణుగుతున్నట్టున్నాయి. కారణం ఏంటంటే 5.1లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి, ఆ స్పీకర్ నా దగ్గర లేదు, ఉందనుకుని ప్లేయర్ పంపిస్తూనే ఉంది. సెటప్‌లో డౌన్‌మిక్స్ అనేదాన్ని స్టీరియో చేయగానే మాటలు ముందుకొచ్చేశాయి. అలాగే రాత్రిపూట మాటలు వినపడక సౌండ్ పెంచడం, అంతలో బాంబు పేలితే ఉలిక్కిపడి తగ్గించడం, ఈ బాధకి డైనమిక్ రేంజ్ అనో నైట్ మోడ్ అనో ఒక సెట్టింగ్ ఉంటుంది, చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ దగ్గరికి తెస్తుంది. నేను దాన్ని ఆన్‌లోనే ఉంచేశాను, సినిమా హాలు అనుభవం పోతే పోయింది, పక్కవాళ్లు నిద్రపోతారు.

అసలు పరీక్ష మాత్రం ఆ గీతల డిస్కే. డీవీడీ మీద డేటా రాసిన ఒక వరసకీ పక్క వరసకీ మధ్య దూరం 0.74 మైక్రాన్, సీడీలో అది 1.6. అంత సన్నటి దారి మీద 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ నడవాలి. మధ్యలో కొంత డేటా పోయినా ముందూ వెనకా ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టి పూడ్చుకునే ఏర్పాటు డిస్కులోనే ఉంటుంది, అందుకే అడ్డంగా, అంటే మధ్య నుంచి అంచుకి పడ్డ గీతని లేజర్ చటుక్కున దాటేస్తుంది, వరస వెంబడి గుండ్రంగా పడ్డ గీతయితే ఒకేచోట చాలా డేటా పోయి పూడ్చడానికి మిగలదు. మనం బట్టతో గుండ్రంగా తుడిచినప్పుడు సరిగ్గా అలాంటి గీతలే చేతులారా గీస్తాం. తుడిస్తే మధ్య నుంచి అంచుకి తుడవండి.

మా డిస్కు 23వ నిమిషం దగ్గర కొత్త ప్లేయర్ ఆగిపోయింది. రెండు సెకన్లు చదరాలు చదరాలుగా బొమ్మ, తర్వాత మొత్తం బిగుసుకుపోవడం, చివరికి డిస్కు లేదని మెసేజ్. లేకపోవడమేంటి, నీ కడుపులోనే ఉందిగా! అదే డిస్కు పాతదాంట్లో వేస్తే అక్కడికి రాగానే తిరిగే వేగం తగ్గినట్టు చప్పుడు మారింది, టక్ టక్‌మని లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంది, బొమ్మ ఒకసారి తడబడింది, దాటేసింది. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ దాటింది. కొత్తది తొందరగా చేతులెత్తేస్తుంది, పాతది ఓపిగ్గా వెతుకుతుంది, ఇదే నాకు వాటి మధ్య కనిపించిన పెద్ద తేడా. పెట్టె మీద దీని గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకే కొనేటప్పుడు ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే అధ్వాన్నమైన డిస్కు వెంట తీసుకెళ్లి వేసి చూపించమనండి.

ఒక జాగ్రత్త, సినిమా మధ్యలో ఎప్పుడూ ఒకే చోట అర సెకను ఆగితే అది గీత కాకపోవచ్చు. 8.5 జీబీ డిస్కుల్లో రెండు పొరలుంటాయి, మొదటిది అయిపోయి రెండోదానికి మారేటప్పుడు కొన్ని ప్లేయర్లు అలా ఆగుతాయి. ఇది తెలియక ఒక డిస్కుని నాలుగుసార్లు తుడిచాను. అలాగే సీడీలు ఆడి డీవీడీలు మాత్రం ఆడకపోతే డిస్కుల్ని అనుమానించకండి, సీడీకి వేరే లేజర్ ఉంటుంది, డీవీడీది అలిసిపోయి ఉండొచ్చు.

యూఎస్‌బీ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎక్స్‌విడ్ అనే పాత రకం వీడియో ఫైళ్లు ఆడుతుంది, ఇప్పటి ఫైళ్లు చాలావరకు ఆడదు, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవే చదువుతుంది కాబట్టి 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి, ఆ పూట అందరం తెగ నవ్వుకున్నాం.

చివరికి పాతదే హాల్లో టీవీ కింద ఉంది, కాంపోనెంట్ వైర్లతో. కొత్తది పిల్లల గదిలోకి పోయింది. అమ్మానాన్నల డిస్కుని కంప్యూటర్‌లోకి కాపీ చేశాను, ఆ 23వ నిమిషం దగ్గర పావుగంట నానా తంటాలు పడింది కానీ మొత్తానికి వచ్చేసింది. సాగిన బెల్టు ఎన్నాళ్లు నడుస్తుందో ఏమో, దారం చుట్టి చుట్టుకొలత తీసుకుని అదే సైజు కొత్తవి రెండు ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.