మెట్లు నావి, మూడు కత్తెరలు అక్కవి

శ్రీనివాసుడి దయవల్ల మొక్కు చెల్లించుకుని వచ్చాం. మొక్కుకున్నది నేను. బ్లడ్ క్యాన్సర్‌తో జబ్బుపడి లేచింది ఆఫీసులో నా పక్క సీటు అక్క. కాలినడక నా వంతు, మూడు కత్తెరలు తన వంతు అనుకున్నాం. అక్క వాళ్ల తమ్ముడితో ఘాట్ రోడ్డు మీద కారులో వచ్చింది. నేను అలిపిరి పాదాల మండపంలో దణ్ణం పెట్టుకుని మెట్లెక్కాను.

ఇంతకుముందే వెళ్లి ఉండాల్సింది కానీ డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఆయన చెప్పిందే సబబు. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతాయి. వాటిలో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 లోపుకి దిగితే, మామూలు మనిషిని ఏమీ చెయ్యని క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి రోజుల్లో పేషెంటుని వైకుంఠం కాంప్లెక్సులో జనం మధ్య కూర్చోబెట్టడం తప్పు, ఎంత భక్తి ఉన్నా తప్పే. చికిత్స పూర్తయి, కౌంట్లు నిలకడగా పైకొచ్చి, "ఇక వెళ్లిరండి" అన్నాకే బయల్దేరాం.

మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరి అందదు, ఆ తర్వాత దారి కాస్త తేలిక. మోకాళ్ల పర్వతం దగ్గర ఒకాయన మెట్టు మెట్టుకీ కర్పూరం వెలిగిస్తూ కనిపించాడు. ఆయనదీ తన ఫ్యాక్టరీలో తోటి కార్మికుడి కోసం మొక్కేనట, ఆ అబ్బాయికీ బ్లడ్ క్యాన్సరే. "దణ్ణం పెట్టుకోడం తప్ప మనం ఏం చెయ్యగలం తల్లీ" అన్నాడు. చెయ్యాల్సింది బోలెడుంది. తెలిసినదంతా ఆ మెట్ల మీదే కూర్చుని చెప్పాను.

మొదటిది ప్లేట్‌లెట్లు, అంటే నెత్తురు గడ్డకట్టించే కణాలు. ఆస్పత్రి అడగగానే అందరూ ఒకేరోజు పరిగెత్తుకెళ్తారు, అక్కడే దెబ్బతింటాం. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. ఈ బ్లడ్ క్యాన్సర్‌లో వాటి అవసరం వారాల తరబడి ఉంటుంది. కాబట్టి పేర్లు రాసుకుని, వారానికి ఇంతమంది అని వంతులు వేసుకోవాలి. మిషన్ మీద ఒక్కరి నుంచే తీసే పద్ధతిని ఎస్‌డీపీ అంటారు. ఇచ్చేవాళ్లు 50 కిలోల పైన ఉండాలి, చేతి నరం బాగా దొరకాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. గంట నుంచి రెండు గంటలు పడుతుంది. తినే వెళ్లాలి. మధ్యలో పెదాలు తిమ్మిరెక్కితే వెంటనే సిస్టర్‌కి చెప్పాలి, క్యాల్షియం ఇస్తారు. ఆవేశంలో ముందే మామూలు రక్తం ఇచ్చేస్తే మళ్లీ 28 రోజుల దాకా ప్లేట్‌లెట్లు ఇవ్వనివ్వరు. అందుకే ఎవరు రక్తానికి, ఎవరు ప్లేట్‌లెట్లకి అన్నది మొదటే తేల్చుకోవాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ముందుముందు మూలకణాల మార్పిడి (ఇంకొకరి నుంచి తీసిన, రక్తాన్ని పుట్టించే కణాలు ఎక్కించడం) అవసరం పడొచ్చు అనుకుంటే తోబుట్టువుల చేత, కన్నవాళ్ల చేత రక్తం ఇప్పించరు. వాళ్ల కణాలకు పేషెంటు ఒంట్లో యాంటీబాడీలు పుడితే, రేపు వాళ్ల మూలకణాలే ఇమడకపోవచ్చు. ఇంట్లోవాళ్లు ఇవ్వలేని చోట తోటి ఉద్యోగులే దిక్కు. ఇది చెప్తే ఆయన చేతిలో కర్పూరం పక్కన పెట్టి ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టాడు.

రెండోది ఉద్యోగం. భయంలో ఎవరైనా రాజీనామా రాసేస్తారేమో, రాయనివ్వకండి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఉద్యోగం ఉన్నంతవరకే. సెలవులు అయిపోతే జీతం లేని సెలవైనా పెట్టించాలి. ఈఎస్‌ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉన్నవాళ్లయితే 91 రోజులు 70 శాతం జీతం వస్తుంది. జబ్బు క్యాన్సర్ లాంటి దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంటే, సర్వీసు, చందా షరతులు కుదిరితే, రెండేళ్ల దాకా 80 శాతం ఇస్తారు. సర్టిఫికెట్లు ఎప్పటికప్పుడు ఇవ్వకపోతే డబ్బు ఆగిపోతుంది. ఆ తిరుగుడు పని ఒక్క మనిషి నెత్తిన వేసుకోవాలి, పదిమంది చేతుల్లో పడితే కాగితాలు పోతాయి. పరామర్శల సంగతీ అంతే. ఇంటికి ఫోన్లు చెయ్యకుండా ఆ ఒక్కరినే అడగాలి.

ఈ మాటల్లో కొండ ఎక్కిన సంగతే తెలియలేదు. గోవిందా గోవింద!

కల్యాణకట్టలో అక్కని చూసి తలనీలాలు తీసే ఆమె కాస్త ఆగింది. కీమో అయ్యాక మొలిచిన జుట్టు, వేలెడైనా లేదు. "మూడు కత్తెరలే కదమ్మా" అని, మూడుచోట్ల కొసలు మాత్రం తీసింది. గుండు మొక్కుకుంటే బ్లేడు గాటు పడే భయం ఉండేది. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు చిన్న గాటుకీ నెత్తురు ఆగదు. పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టి ఉంచే సన్నని గొట్టం) ఉన్నవాళ్లు పుష్కరిణిలోనూ మునగకూడదు, నీళ్లు నెత్తిన చల్లుకుంటే చాలు.

జబ్బు కాగితాలు, ఆధార్ చూపించి, తోడుకి ఒక్కరిని తీసుకెళ్లే దర్శనం మాది. అయినా తోపులాట తప్పలేదు! వెనకనుంచి నెట్టేవాళ్లు, మాస్కు చూసి కూడా మీదపడి దగ్గేవాళ్లు. స్వామి ఎదుటికి వెళ్తూ పక్కమనిషిని తోసేస్తే పుణ్యమా? నాకు కోపం ఆగలేదు. అప్పుడు ముందున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి అక్క ముఖంలోకి చూసింది. జబ్బేమిటని అడగలేదు. తన కొడుకునీ కోడలినీ మాకు వెనక నిలబెట్టి, తను పక్కకి వచ్చి చెయ్యి అడ్డంపెట్టింది. బంగారు వాకిలి దాకా ఆ చెయ్యి దించలేదు. ఆ తల్లి పేరైనా అడగలేదు మేం.

లోపల దీపాల వెలుగులో తిరునామం, శంఖచక్రాలు, పాదాలు చూపిస్తున్న కుడిచెయ్యి. ఆస్పత్రి మంచం మీదినుంచి అక్క ఫోన్‌లో చూసుకున్న రూపమే. "జరగండమ్మా, జరగండి" అంటుంటే అక్క కదల్లేదు. నేనే భుజం పట్టుకుని నడిపించాను. ఏం కోరుకున్నావని అడిగితే, "ఏమీ గుర్తుకు రాలేదే" అంది, కళ్లనిండా నీళ్లతో.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మలుపులకి వాంతి రాకుండా డాక్టరు రాసిన మాత్ర ముందే వేసుకుంది. ఇంటికొచ్చాక వారంపాటు పొద్దునా సాయంత్రం థర్మామీటరు పెట్టుకోమన్నారు. 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఆ అవసరం రాలేదు. మెట్ల మీద కలిసినాయన నిన్న తమ ఫ్యాక్టరీ దాతల పట్టిక పంపించాడు. వంతులు బాగానే వేశాడు కానీ రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లని పొద్దుటి వంతులో పెట్టాడు. నిద్రలేనివాళ్లకి కళ్లు తిరుగుతాయి, వాళ్లని సెలవు రోజుకి మార్చమని చెప్పాను.