తోలు తీయని ఆపిల్: ‘లవర్ అవేకెన్డ్’ మీద పాఠకుల తగువు

వాంపైర్ ప్రేమకథలు చదివేవాళ్ళ మధ్య దెబ్బతిన్న హీరోల మాట ఎత్తితే చాలు, జాడిస్ట్ పేరు వచ్చేస్తుంది. జె.ఆర్. వార్డ్ రాసిన ‘బ్లాక్ డాగర్ బ్రదర్‌హుడ్’ వరసలో మూడో నవల ‘లవర్ అవేకెన్డ్’ హీరో ఇతను. పుస్తకం వచ్చింది 2006 సెప్టెంబరులో. ఇన్నేళ్ళయినా దీని మీద వాదనలు చల్లారలేదు. మొత్తం వరసలో తమకు ఇదే ప్రాణం అనేవాళ్ళు బోలెడు మంది. సగంలో మూసేసి మళ్ళీ ఆ రచయిత్రి జోలికి పోనివాళ్ళూ ఉన్నారు. తమాషా ఏంటంటే చాలాసార్లు రెండు వర్గాలూ వేలెత్తి చూపేది ఒకే సన్నివేశాన్ని. తగువంతా ఒక్కచోట ఉంది: ఇతని గాయం మానింది హీరోయిన్ బెల్లా ప్రేమ వల్లా, ఇతను పడ్డ పాట్ల వల్లా? కథ విప్పకుండా ఇది మాట్లాడటం కుదరదు. సస్పెన్స్ పోతుందనుకునేవాళ్ళు పుస్తకం అయ్యాక రండి.

ముందు ఆ లోకం సంగతి చెప్పాలి. మనకు వాంపైర్ అనగానే రక్తపిశాచి అంటాం గానీ ఆ మాట ఇక్కడ అతకదు. బేతాళుడు అసలే అతకడు. 1870లో రిచర్డ్ బర్టన్ మన బేతాళ కథల్ని ఇంగ్లీషులోకి తెస్తూ ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అని పేరు పెట్టేశాడు. చెట్టుకి తలకిందులుగా వేలాడే మన బేతాళుడికి చిక్కు ప్రశ్నల మీద తప్ప రక్తం మీద యావ ఉన్నట్టు చందమామలో ఎక్కడా కనపడదు. యూరప్ కథల్లో వాంపైర్‌కి దొరబాబు వేషం వేసినవాడు ఇంగ్లీషు రచయిత పాలిడోరి, 1819లో. అమెరికా టీవీలో 1967లో వచ్చిన బార్నబస్ కాలిన్స్ పాత్రతో ఆ దొరబాబుకి తను చేసేదాని మీద తనకే రోత కూడా తోడైంది. వార్డ్ వాంపైర్లు ఇంకో మెట్టు దూరం జరిగారు. వీళ్ళు చచ్చి లేచినవాళ్ళు కాదు. పుట్టుకతోనే వేరే జాతి. మనుషుల్ని కొరికి వాంపైర్లుగా మార్చడం లేదు. ఎండ తగిలితే మాత్రం బతకరు. బలం నిలవాలంటే తమ జాతిలోనే ఆడవాళ్ళు మగవాళ్ళ రక్తం, మగవాళ్ళు ఆడవాళ్ళ రక్తం తాగాలి. మనుషుల రక్తం తాగినా ఎక్కువ రోజులు ఆనదు.

ఈ చివరి నియమం గుర్తుపెట్టుకోండి. గాయం కథంతా దాని మీదే నడుస్తుంది.

జాడిస్ట్‌ని పసికందుగా ఉన్నప్పుడే ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. పెద్దయ్యాక ఒక గొప్పింటి ఆడ వాంపైర్ అతన్ని రక్తపు బానిసగా కట్టేసి వందేళ్ళు వాడుకుంది. రక్తం ఒక్కటే కాదు, ఒంటిని కూడా. మెడకీ రెండు మణికట్లకీ బానిస గుర్తుగా నల్ల పచ్చబొట్టు పట్టీలు. నుదుటి నుంచి ముక్కు మీదుగా దిగి పైపెదవిని వంకర చేసిన గాటు. కవల సోదరుడు ఫ్యూరీ అతన్ని విడిపించాడు, ఆ తప్పించుకోవడంలో తన కాలిని తనే తుపాకీతో పేల్చుకుని పోగొట్టుకున్నాడు. ఇదంతా ఎప్పుడో జరిగిపోయిన కథ. నవల మొదలయ్యేనాటికి మనకు కనపడేవి దాని ఆనవాళ్ళే: మంచం ఉండగా నేల మీద పడుకుంటాడు. ఎవరైనా ముట్టుకుంటే ఒంటి మీద పాము పాకినట్టు జంకుతాడు. చదవడం రాయడం రాదు. తన జాతి ఆడవాళ్ళ రక్తం ముట్టడు, డబ్బిచ్చి మనుషుల దగ్గర తాగుతాడు. అందుకే ఎముకల గూడులా ఉంటాడు.

యద్దనపూడి నవలలు చదివి పెరిగినవాళ్ళకి ముభావంగా ఉండే ఆరడుగుల హీరో కొత్త కాదు. ‘సెక్రటరీ’ రాజశేఖరం మౌనాన్ని ఇష్టపడ్డవాళ్ళు జాడిస్ట్ మౌనాన్నీ అదే కళ్ళతో చూడబోతారు. అక్కడే బోల్తా పడతారు. రాజశేఖరం మాట్లాడకపోతే అది ఠీవి. ఇతను మాట్లాడకపోతే అది భయం, కోపం తోలు కప్పుకున్న భయం. పేరులోనే సాడిస్ట్ అనిపించేట్టు పెట్టింది రచయిత్రి, మొదటి రెండు పుస్తకాల్లో అలాగే ప్రవర్తింపజేసింది కూడా. ఆ రెండూ చదవకుండా నేరుగా దీన్ని పట్టుకున్నవాళ్ళకి, మిగతా బ్రదర్స్, అంటే బ్రదర్‌హుడ్ దళంలో ఇతని తోటి యోధులు, ఇతన్ని చూసి ఎందుకు అంత జాగ్రత్తగా మసలుకుంటారో తలకెక్కదు. “అంతమంది భయపడేంత ఏం చేశాడు?” అని అడిగే రివ్యూలు చాలావరకు ఆ గుంపువే.

ఇక ఆపిల్. ఇష్టపడేవాళ్ళు ఎక్కువసార్లు తలుచుకునేది దీన్నే. జాడిస్ట్ వండిన తిండి తినడు. అన్నీ వండి బల్ల నిండా పరిచినా చెయ్యి పెట్టడు. తినేది ఆపిల్ పండు, అదీ తోలు చెక్కుచెదరకుండా ఉన్నది, కొయ్యడం కూడా తన కత్తితోనే. ఎందుకన్నది లెక్చరిచ్చినట్టు చెప్పరు. తోలు తెగని పండులో ఎవరూ ఏమీ కలపలేరు, అంతే. ఒంటి మీద తన అధికారం పోగొట్టుకున్నవాడు నోట్లోకి పోయేదాని మీద అధికారం అట్టిపెట్టుకుంటున్నాడు. వందేళ్ళ చెరని వివరించడానికి వంద పేజీలు పట్టేది, ఇక్కడ ఒక పండు సరిపోయింది. తర్వాత అదే పండుని ముక్కలు కోసి బెల్లాకి అందించడం చూసినప్పుడు ముద్దు సన్నివేశం కన్నా ఎక్కువ కదిలిందని రాసేవాళ్ళున్నారు. అమ్మ చేతి ముద్ద తిన్న మనకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నమ్మకం ముందు తెలిసేది చేతి నుంచి నోటికి ఉన్న ఆ జానెడు దూరంలోనే.

రక్తం కూడా అదే పని చేస్తుంది. తాగితే బతుకుతాడు, కానీ తాగాలంటే ఆడ వాంపైర్ మణికట్టు దగ్గరికి నోరు తేవాలి, అంటే మళ్ళీ ఆ చెరలోకే వెళ్ళాలి. మామూలు వాంపైర్ కథలో హీరో కరుస్తాడేమోనని హీరోయిన్ భయపడుతుంది. ఇక్కడ కరవడానికి హీరోయే భయపడతాడు. జానర్‌లో అరిగిపోయిన ఒక పనిముట్టుని ఇలా తిరగేసి వాడటం ఈ పుస్తకం అసలు బలం అని నా లెక్క.

తిట్టేవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మొదటిది సమ్మతి సంగతి. అతను వద్దంటాడు, పొమ్మంటాడు, బెదిరిస్తాడు. బెల్లా మాత్రం దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఆడామగా తారుమారు చేసి చదవండి, ఒప్పుకుంటారా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఇష్టపడేవాళ్ళు ఇచ్చే జవాబు: ఆమె వచ్చింది అతని ఒంటి కోసం కాదు, మనిషి కోసం, అతను ఆగమన్నచోట ఆగింది. కొన్ని సన్నివేశాలకు ఈ జవాబు నిలబడుతుంది, అన్నిటికీ నిలబడదు. వాంపైర్ ఆడవాళ్ళకు వచ్చే ‘నీడింగ్’ అనే సంతాన ఘడియలున్నాయి చూడండి, అందులో ఒంటికి వేరే దారే ఉండదు. ఈ వరసలో కథ ముడి పడాలన్నప్పుడల్లా రచయిత్రి ఆ ఏర్పాటుని తీసి వాడుకుంటుంది. ఇద్దరిలో ఎవరికీ నిజమైన ఎంపిక లేనిచోట, ప్రేమ గెలిచిందని సంబరపడటం నాకూ కష్టమే.

రెండోది నా దృష్టిలో ఇంకా గట్టిది. రెండో పుస్తకంలోనే శత్రువులు బెల్లాని ఎత్తుకుపోతారు. లెస్సర్లు అంటారు వాళ్ళని, ఆత్మ అమ్ముకున్న మనుషులు, దగ్గరికొస్తే బేబీ పౌడర్ వాసన. వాళ్ళలో ఒకడు ఆమెని నేలలో పాతిన గొట్టంలో వారాల తరబడి దాస్తాడు, కడుపు మీద తన పేరు కత్తితో చెక్కుతాడు. జాడిస్ట్ విడిపించుకొస్తాడు. ఆ తర్వాత? కొన్ని అధ్యాయాలకే ఆమె లేచి తిరిగి అతన్ని ఓదార్చే పనిలో పడుతుంది. అతని గాయానికి సుమారు 430 పేజీలు, ఆమె గాయానికి కాస్త స్నానం, కాస్త నిద్ర. గాయపడ్డ హీరో నవలల్లో మళ్ళీ మళ్ళీ జరిగే పొరపాటు ఇది. హీరోయిన్‌ని మందుసీసా చేసేస్తారు, సీసాకి పగుళ్ళుంటే కథకి అడ్డం.

భాష మీద గొణుగుడు సరే, అది ఎప్పుడూ ఉండేదే. పేర్లలో అక్కర్లేని హెచ్‌లు, పేజీకో బ్రాండ్ పేరు, శతాబ్దాల వయసున్నవాళ్ళ నోట వీధి కుర్రాళ్ళ యాస. కొందరికి అదే సరదా, కొందరికి పంటి కింద రాయి. లెస్సర్ల అధ్యాయాలు దాటేసి చదివేవాళ్ళు ఒక హెచ్చరిక తీసుకోండి: చివర్లో బ్రదర్స్‌లో ఒకడి భార్య, కడుపుతో ఉన్న వెల్సీ చావు వాళ్ళ వైపు నుంచే వస్తుంది, దాటేస్తే అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటుంది. ఆ చావు కోసమే పుస్తకాన్ని క్షమించనివాళ్ళు ఉన్నారు. ప్రేమకథ జంటకు సుఖాంతం గ్యారంటీ అనేది ఈ జానర్‌లో పాఠకులకిచ్చిన మాట. పక్క జంటకి ఆ మాట వర్తించదని అక్కడ తెలిసొస్తుంది.

అసలు తగువు దగ్గరికి వద్దాం, గాయం ఎలా మానింది? వేగంగా చదివినవాళ్ళు ‘ప్రేమతో’ అంటారు. కొంచెం వెనక్కి తిప్పి చూడండి. ముందు అతనే బెల్లాని దూరం పెడతాడు, ఆమె వెళ్ళిపోతుంది. ఆమె లేని ఆ రోజుల్లోనే అతను తిండి మొదలుపెడతాడు, ఒంటికి కండ పడుతుంది. రెండో పుస్తకం హీరోయిన్ మేరీ దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుతాడు. చివరికి బెల్లా ఎదుటికి వచ్చి, మొదటి తరగతి పిల్లాడిలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ప్రేమిస్తున్నానని కాగితం మీద రాసి చూపిస్తాడు. ప్రేమ అతనికి కారణం ఇచ్చింది, పని మాత్రం అతనే చేశాడు. ఆ వరస రచయిత్రి పెట్టిందే, కానీ దానికి పేజీలు బొత్తిగా తక్కువ ఇచ్చింది. ‘ముద్దుతో రోగం కుదిరింది’ అన్న నింద అందుకే వస్తోంది. ఆ రోజుల్లో పలక పట్టుకున్న జాడిస్ట్‌కి ఇంకో ముప్పై పేజీలిచ్చి, సగం పోరాటాలు తీసేసి ఉంటే తిట్టేవాళ్ళలో కొందరైనా ఇటు వచ్చేవాళ్ళు.

ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగులో ఇలాంటి సీరియళ్ళు రాసేవాళ్ళు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళాల్సింది మచ్చా కాదు, పచ్చబొట్టూ కాదు, ఆపిల్. గతాన్ని మొదటి భాగంలోనే ఫ్లాష్‌బ్యాక్‌గా కుమ్మరిస్తే పదో భాగానికి పాఠకుల దగ్గర జాలి అయిపోతుంది. రోజూ చేసే ఒక వింత అలవాటు ముందు చూపించండి, కారణం ఆలస్యంగా రానివ్వండి, చివర్లో ఆ అలవాటు మారడం చూపించండి. నేను మారానని హీరో నోటితో చెప్పించాల్సి వచ్చిందంటే అలవాటు సరిగ్గా ఎంచుకోలేదన్నమాట. హీరో అరుపులకీ విసుర్లకీ గాయాన్ని సాకుగా చూపితే ఇంకో చిక్కు. జాడిస్ట్ కోపం ఎక్కువగా తిరిగేది తన మీదికే, అందుకే పాఠకులు భరిస్తారు. అది హీరోయిన్ మీదికి తిరిగిన కథల్లో కామెంట్లు రెండో భాగానికే మారిపోతాయి.

కొత్తగా చదవాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. 2005 నాటి ‘డార్క్ లవర్’, 2006 మార్చిలో వచ్చిన ‘లవర్ ఎటర్నల్’ అయ్యాకే ఇది పట్టుకోండి. లైంగిక హింస, చెర, గర్భిణి చావు ఉన్నాయని ముందే తెలిసి వెళ్ళండి. జాన్ మాథ్యూ అనే మూగ కుర్రాడి ఉపకథలోనూ అలాంటి గాయమే ఉంది, అది చెప్పకుండా ఎదురవుతుంది. ఇంకొకరి అభిప్రాయం చూసి కొనాలనుకుంటే అయిదు నక్షత్రాలవీ ఒక నక్షత్రానివీ పక్కన పెట్టి మూడు నక్షత్రాలవి చూడండి. ఏ అధ్యాయంలో కథ పట్టు వదిలిందో ఓపిగ్గా రాసేది వాళ్ళే.

అంత తొందరగా ఎలా బాగుపడ్డాడని అడిగినవాళ్ళకి 2008లో వచ్చిన వరస గైడ్ పుస్తకంలో ‘ఫాదర్ మైన్’ అనే చిన్న నవల ఉంది. అప్పటికి కూతురు నల్లా పుట్టింది. బెల్లా పక్కనే ఉంది, ప్రేమకి లోటు లేదు. అయినా ఆ పట్టీలున్న చేతులతో బిడ్డను ఎత్తుకోవడానికి జాడిస్ట్‌కి చేతులు రావు.