గునుగు కలుపా, కూరా? మా ఊరి రిజిస్టర్ రాసిన నా అనుభవం

పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేసి "అన్నా, ఒక సంతకం ఉంది, ఆధార్ జిరాక్స్ పట్టుకొని రా" అన్నాడు. పోయి పెట్టొచ్చాను. నేను మా ఊరి జీవవైవిధ్య యాజమాన్య కమిటీలో సభ్యుణ్ణయ్యానని మర్నాడు తెలిసింది. బీఎస్సీలో బోటనీ చదివి, జహీరాబాద్‌లో ట్యూషన్లు చెప్పుకుంటూ ఊళ్లోనే ఉంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే. దొరికిపోయాను.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఈ కమిటీ ఉండాలి. మా కమిటీ వేసినప్పటి నిబంధన ప్రకారం చైర్మన్ కాక ఆరుగురు సభ్యులు, అందులో మూడో వంతు ఆడవాళ్లు. కమిటీ ముఖ్యమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయడం. ఊళ్లో ఏమేం పండుతాయి, ఏమేం మొలుస్తాయి, ఏ జీవాలున్నాయి, వాటి గురించి ఎవరికి ఏం తెలుసు అన్నీ అందులోకి ఎక్కాలి.

"రిజిస్టర్ ఎప్పుడో అయిపోయింది కదన్నా" అని కార్యదర్శి బీరువాలోంచి స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకం తీశాడు. 2020 జనవరి 31లోగా దేశమంతా రిజిస్టర్లు పూర్తి కావాలని, కాకపోతే ఆ తర్వాత నుంచి ఒక్కో రాష్ట్రం నెలకు 10 లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. ఆ హడావుడిలో ఎవరో వచ్చి ఒక్క పూటలో రాసుకుపోయారట. పేజీలు తిప్పుతుంటే చేపల పట్టికలో పండుగప్ప కనిపించింది. వాన పడితేనే నిండే చెరువు తప్ప నీళ్ల మొహం చూడని ఊరు మాది. ఏ కోస్తా ఊరిదో తెచ్చి పేరు మార్చి అంటించారన్నమాట. నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. మళ్లీ రాద్దామన్నాను. ఆ మాట అనకుండా ఉంటే ఏడాదిన్నర ప్రశాంతంగా గడిచేది.

మొదటి మీటింగుకు ముగ్గురు వచ్చారు. ఆడవాళ్ల తరఫున ఒకామె భర్త, ఒకామె కొడుకు. కొడుకును "మీ అమ్మ ఏది?" అంటే "ఆమెకేం తెలుస్తది సార్, నేనే సంతకం పెడ్త" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్లింటికే పోయాను. అవ్వకు అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి "కూసో బిడ్డా" అని చాట తెచ్చింది. మూలనున్న వెదురు గుల్ల మూతకు అలికిన మట్టిని కొడవలి వెనకతో తట్టి పగలగొట్టింది. ఎండు వేపాకు, బూడిద కలిసిన వాసన గుప్పుమంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి ఇంత గింజ తీసి చాటలో పోసింది. కందులు. నేను అప్పటికే నోటు పుస్తకంలో "కంది" అని ఒక్క ముక్క రాసి పెట్టుకున్నాను. ఆమె వేలితో మూడు కుప్పలు చేసింది. ఎర్ర కంది, తెల్ల కంది, నల్ల కంది. దేనికి ఏ నేల, ఏది ముందు కోతకొస్తది, ఏ పప్పు తొందరగా ఉడుకుతది అని చెప్పుకుంటూ పోయింది. పేజీ చాలలేదు. ఆమెకు తెలియదన్న కొడుకు గడపలో నిలబడి వింటున్నాడు.

రిజిస్టరులో నన్ను బాగా ఇబ్బంది పెట్టినవి రెండు గడులు: గతంలో స్థితి, ప్రస్తుత స్థితి. పచ్చ జొన్న, గతంలో ఎక్కువ, ఇప్పుడు తక్కువ. కొర్ర, ఎక్కువ, తక్కువ. యాసంగిలో నల్లరేగడిలో నీరు కట్టకుండా మంచుకే పండే జొన్న, ఆ చేను చుట్టూ పశువులు రాకుండా ముళ్ల కుసుమ సాళ్లు, అవీ అంతే. ఆ రెండు మాటలే రాసి రాసి చెయ్యి నొచ్చింది.

అసలు పేచీ కలుపు మొక్కల పట్టిక దగ్గర వచ్చింది. శ్రావణంలో అవ్వతో పాటు చేలల్లో తిరిగాను. అడుగుకొకసారి వంగేది. తుమ్మి, గంగవాయిలి, దొగ్గలి, చెంచలి, గునుగు. ఒక్కటీ విత్తింది కాదు. లేతవి గిల్లి కొంగులో వేసుకుంటుంటే నేను పక్కన రాసుకుంటున్నాను. "ఏడ రాస్తున్నవ్ బిడ్డా?" అంది. కలుపు పట్టికలో అన్నాను. "తినేదాన్ని కలుపంటర్రా? కలుపు తీసిననాడు కూలి పైసలు పటేలియి, కూర నాది. గా కూరతోనే మా పిల్లలు పెరిగిన్రు."

నా బోటనీ పుస్తకంలో గునుగు అంటే సెలోసియా అర్జెంటియా, పంట చేలలో కలుపు. బతుకమ్మకు తంగేడు పక్కన అదే గునుగు లేకపోతే మా ఊరి ఆడవాళ్లకు పండగే కాదు. నాలుగేళ్లుగా పత్తి చేలల్లో గడ్డి మందు కొడుతున్నారు. గునుగుతో పాటు కలుపు కూలీ పోయింది, కొంగులో కూరా పోయింది. పోయిన బతుకమ్మకు గునుగు కట్టలు జహీరాబాద్ మార్కెట్లో కొనుక్కొచ్చాం. నేను కూడా కొన్నాను. అప్పుడు సిగ్గనిపించలేదు, రాస్తున్నప్పుడు అనిపించింది.

వైద్యం పట్టిక ఇంకో తలనొప్పి. కామెర్లకు పసరు పోసే తాత దగ్గరికి మూడుసార్లు తిరిగాను. పసుపు మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇస్తే, మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత రాతలు చూపించి 1997లో రద్దు చేయించిందని, మన తెలివి మనం రాసి పెట్టుకోకపోతే ఎవరో ఎత్తుకుపోతారని చెప్పాను. తాత చుట్ట ఆర్పి, "మరి రాసి పెడితే దొంగకు దారి చూపిచ్చినట్టు గాదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చెప్పనిష్టం లేనిది గోప్యమని రాసుకోవచ్చన్నాను. సరేనని చెట్టు పేరొక్కటి చెప్పాడు. ఏ భాగం, ఎంత, దేనితో నూరాలి అన్న గడులన్నీ ఇప్పటికీ ఖాళీ. ఆ పేజీని చూసి నేనేం బాధపడను.

వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి, ఎండాకాలం ఒకసారి తిరిగాం. పిట్టల పేర్లు గొర్రెలు కాసే పిల్లలు చెప్పారు. ఇప్పుడు మా జిల్లాలోనే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారని చెబితే, మన చెరువునూ ప్రకటిస్తరా అని ఒకడు ఉత్సాహంగా అడిగాడు. మన చెరువులో పూడిక తప్ప ఏముందిరా అంటే పదకొండు పిట్టల పేర్లు గడగడా చెప్పాడు. నాకు తెలిసినవి అందులో నాలుగు.

గ్రామసభలో చదివి వినిపించిన రోజు ముప్పై మందికి మించి రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం గొడవ బాగా చేశారు. చెరువు కట్ట మీద, బాటల వెంట గడ్డి మందు కొట్టొద్దని ఆడవాళ్లు పట్టుబట్టారు. చేలల్లో సంగతి ఎత్తితే పత్తి రైతులు లేచారు: "కూలోళ్లు దొరకరు, మీరొచ్చి పీకుతరా?" వాళ్లదీ అబద్ధం కాదు. చివరికి కట్ట, బాటలు, చెరువు శిఖం వరకే తీర్మానం రాశాం. తీర్మానం తప్పితే ఏం చేస్తారో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పరిశీలనకు పంపిన రిజిస్టర్ రెండు నెలలకు ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. శాస్త్రీయ నామాల్లో నావి ఆరు తప్పులు, న్యాయంగా దిద్దారు. ఏడో గీత గునుగు మీద. ఆహార మొక్కల్లో, కలుపులో రెండు చోట్లా ఉంది, ఒకచోట తీసేయండి అని. తీయలేదు. రెండు చోట్లా ఉంచి, కలుపు పట్టికలో వివరాల గడిలో "పత్తి రైతులు చెప్పిన ప్రకారం" అని, రెండోచోట "కలుపు తీసే ఆడవాళ్లు చెప్పిన ప్రకారం" అని రాసి మళ్లీ పంపాను. ఈసారి తిరిగి రాలేదు.

సంతకాల రోజు అవ్వ తానే పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. వేలికి సిరా పూసుకొని, ముద్ర వేసే ముందు ఆగి, "గునుగు ఏడుందో సూపియ్యి" అంది. రెండు పేజీలూ తీసి చూపించాను. ఆహార మొక్కల పేజీ మీద చెయ్యి పెట్టి "ఈడనే ఏస్త ముద్ర" అంది. ముద్ర వేయాల్సింది ఆఖరి పేజీలో అని కార్యదర్శి నచ్చజెప్పబోయాడు. అప్పటికే వేసేసింది.