ఓటింగ్ దాకా రానివ్వలేదు

నిన్న రాత్రి మా అమ్మాయికి సివిక్స్ చెబుతూ, లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇచ్చే మహిళా రిజర్వేషన్ బిల్లు దగ్గర ఆగిపోయాను. 1996లో లోక్‌సభలో పెట్టారు, 2023లో పాసైంది అనగానే పెన్ను పక్కన పెట్టి, "27 ఏళ్లు ఏం చేశారు నాన్నా?" అంది.

2010 మార్చి నాటి వీడియో చూపించాను. రాజ్యసభలో కొందరు సభ్యులు చైర్మన్ మీదికి దూసుకెళ్లి బిల్లు ప్రతులు చింపి విసిరేస్తున్నారు. మర్నాడు మార్షల్స్ వాళ్లని మోసుకెళ్లాకే ఓటింగ్ జరిగింది. అనుకూలం 186, వ్యతిరేకం 1. లోక్‌సభలో మాత్రం చర్చకే రాలేదు, 2014లో సభతోపాటే మురిగిపోయింది.

నాకు కడుపు మండేది ఇక్కడే. వెనకబడిన కులాల ఆడవాళ్లకి అందులో వేరే వాటా కావాలని బిల్లుని అడ్డుకున్నవాళ్లు చేసిన వాదనలో న్యాయం ఉంది. సవరణ పెట్టి అడగొచ్చు, కొట్లాడొచ్చు. ఓడిపోతామని తెలిసి అసలు ఓటింగే జరగనివ్వకపోవడం ఏంటి? 2023లో లోక్‌సభలో ఓటేస్తే కాదన్నది ఇద్దరే!

జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని ఆ చట్టంలోనే రాశారు. అది విని మా అమ్మాయి, అప్పటికి తనకి ఎన్నేళ్లొస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.