లంబసింగి మంచు, మఠం చేపలు

తెల్లవారుజామున అయిదింటికి లంబసింగిలో ట్రాఫిక్ జామ్. విశాఖలో అర్ధరాత్రి దాటాక బయల్దేరాం. నర్సీపట్నం దాటాక ఘాట్‌లో ముందు బండి వెనక లైట్లు తప్ప ఏమీ కనబడని మంచు. బావ అద్దం మీదికి వంగిపోయి, మలుపు మలుపుకీ హారన్ కొడుతూ పైదాకా తెచ్చాడు. తీరా చేరాక కారు కదలదు. పక్క కారులో డీజే పాటలు. రోడ్డుకి రెండు పక్కలా టెంట్లు, చలిమంటలు, మంటల చుట్టూ కాగితం కప్పులు. టీ ముప్పై రూపాయలు, మ్యాగీ ఎనభై. మేఘాలు చూడటానికి చెరువులవేనం కొండ వైపు జనం బారులు తీరి ఎక్కుతున్నారు. పైన మేఘాలు బాగానే ఉన్నాయి, కాదనను. కానీ వాటిని చూసినంతసేపూ నా మొహం ముందు ఎవరిదో ఒకరి సెల్‌ఫోను ఉంది.

నాకు బాధేసింది మరొకందుకు. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఈ రోడ్డు వేసినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం మనుషుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిందంటే, దాని వెనకున్న కోపాల్లో ఈ రోడ్డు పని కూడా ఒకటి. ఇప్పుడు జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి మాత్రం ‘ఆంధ్రా కశ్మీర్’ అని అరువు పేరు తగిలించి, సీసాలు పారేసి పోతున్నాం. ఎనిమిదయ్యేసరికి మంచు విడిపోయింది, కార్లూ వెనక్కి తిరిగిపోయాయి. మాతో వచ్చిన పిల్లలు స్ట్రాబెర్రీలు కొనమని గొడవ. చిన్న డబ్బా నూట యాభై అన్నాడు, కొన్నాం, పుల్లగా ఉన్నాయి.

బావ కూడా వెనక్కే పోదామన్నాడు. అక్క ఒప్పుకోలేదు. “ఇంత దూరం వచ్చి పాడేరు చూడకుండా పోతామేటి?” అంది. ఆ మాటతోటే మా రోజు బాగుపడింది.

చింతపల్లి, జి.మాడుగుల దారిలో ఎండ వచ్చాక మన్యం రంగు మారిపోయింది. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, వాటి నిండా ఎర్రటి పళ్లు. ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద కాఫీ గింజలు ఆరబోసి, కోళ్లు రాకుండా ఒక పిల్ల కర్ర పట్టుకుని కూర్చుంది. కొత్తపల్లి జలపాతం దగ్గర ఆగాం, మళ్లీ జనం, పది నిమిషాల్లో బయటపడ్డాం. పాడేరులో మోదకొండమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, భోజనం చేసి, హుకుంపేట మండలంలోని మఠం ఊరికి దారి అడిగాం.

మత్స్యగుండం అక్కడే. పెద్ద పెద్ద బండరాళ్లు, వాటి సందుల్లోంచి గెడ్డ, అంటే కొండవాగు, దూరిపోతోంది. ఒకచోట నీళ్లు నిలిచి గుండం కట్టాయి. అక్క గట్టు మీద నిలబడి గుప్పెడు మరమరాలు చల్లింది. నీళ్లు ఒక్కసారి నల్లగా అయిపోయాయి. అవన్నీ చేపలు! మూరెడేసి చేపలు ఒకదాని వీపు మీదికి ఇంకొకటి ఎక్కి నోళ్లు తెరుస్తున్నాయి. పిల్లలు కెవ్వుమని అరిచారు. మనిషి నీడ పడితే పారిపోయే చేపల్నే నేను పుట్టి పెరిగాక చూశాను. ఇవి మనిషిని చూసి దగ్గరికి వస్తున్నాయి.

గట్టు మీద ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని ఎండ కాగుతున్నాడు. “తాతా, వీటిని ఎవరూ పట్టరా?” అనడిగాను.

“పట్టం బాబూ. ఇవి దేవుడివి.”

“రాత్రిపూట ఎవరైనా వస్తే?”

“ఎవరొస్తారు? మా తాతలు పట్టలేదు, మేం పట్టలేదు. మీరు చల్లండి, తింటాయి.”

కాపలా లేదు, కంచె లేదు. పక్కన మత్స్యలింగేశ్వరస్వామి గుడి, శివరాత్రికి జాతర. ఆ నమ్మకం ఒక్కటే ఇన్ని చేపల్ని కాస్తోంది. మా ఊరి చెరువు గుర్తొచ్చింది. ఏటా చేపలకి వేలంపాట పెట్టేవారు. పాడుకున్నవాడు వేసవిలో నీళ్లు తోడించి, వలలు లాగించి, వేలెడంత పిల్లని కూడా వదిలేవాడు కాదు. చివరికి బురదలో దిగి చేతులతో తడిమేవాళ్లం మేము. ఆ చెరువులో ఇప్పుడు గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు.

ఈ మత్స్యగెడ్డే కిందికి పోయి మాచ్‌ఖండ్ నది అవుతుంది. ఒడిశా సరిహద్దులో డుడుమ దగ్గర దూకి, సీలేరుగా సాగి, శబరిలో కలిసి గోదావరి చేరుతుంది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం నీళ్లు ఇవే. మా నాన్న చిన్నప్పుడు మా ఊరికి వచ్చిన తొలి కరెంటు మాచ్‌ఖండ్‌దేనని చెప్పేవాడు. ఇంట్లో బల్బు వెలిగిన రోజున నానమ్మ దానికి దణ్ణం పెట్టిందట. ఆ కథ నాన్న నోట ఎన్నోసార్లు విన్నాను కానీ, ఆ నీళ్లు ఇలా కొండ రాళ్ల కిందుగా, చేపల మధ్యనుంచి మొదలవుతాయని ఎన్నడూ అనుకోలేదు. మా పిల్లలకి అక్కడే కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పాను. పెద్దాడు విన్నాడు, చిన్నదానికి మరమరాల మీదే ధ్యాస.

గంటన్నర ఉండిపోయాం. లంబసింగిలో పొద్దున కనబడిన కార్లలో ఒక్కటి కూడా ఇటు రాలేదు. ఒక రకంగా నాకు అదే సంతోషం. రాసి అందరికీ చెప్పాలా వద్దా అని కూడా ఆలోచించాను. వెళ్లేవాళ్లు మరమరాలు కాగితం పొట్లంలో పట్టుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లు గట్టు మీద వదలకండి, నీళ్లలో కాళ్లు పెట్టకండి.

చీకటి పడకుండా ఘాట్ దిగి మాడుగులలో ఆగాం. గోధుమపాలతో చేసే అక్కడి హల్వా వేడిగా ఉంటే కిలో తీసుకున్నాం. ధర పెరిగింది, రుచి తగ్గలేదు. వచ్చే జనవరిలో మళ్లీ లంబసింగి మంచుకే రావాలని బావ పట్టు. శివరాత్రి జాతరకి మఠమే వెళ్దామని నేనూ అక్కా. చోడవరం దాటేదాకా అదే వాదన, హల్వా మాత్రం సగం అయిపోయింది.