పాట కోసం ఓడెక్కితే

తిరుపతిలో పుట్టినవాడికి నీళ్లంటే కపిలతీర్థం, ఇంకా గట్టిగా అంటే వానలప్పుడు తలకోన. నలభై ఆరేళ్ల వయసులో నేను ఓడ ఎక్కానంటే దానికి ఒకటే కారణం, బాలు పిచ్చి, అదే, గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాటల పిచ్చి.

మా బాలు అభిమానుల గుంపులో తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నెల్లూరు వాళ్లం కలిపి అరవై మందిమి ఉంటాం. ఏటా జూన్ 4న, ఆయన పుట్టినరోజుకి, ఏదో ఒక కల్యాణ మండపం తీసుకుని గొంతులు పోయేదాకా పాడుకోవడం అలవాటు. ఈసారి ఎవరో చెన్నై నుంచి రెండు రాత్రుల ఓడ ట్రిప్పు మాట ఎత్తారు. అందులో ఒక హాలు మనకే ఇస్తారట, పొద్దస్తమానం బాలు పాటలేనట. మనిషికి 27 వేలు అనగానే నేను జారుకోబోయాను. మా ఆవిడే, "పోయి రా, ఇంట్లో ఎట్లాగూ అదే గోల, రెండు దినాలు మా చెవులకన్నా సుఖం" అంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ గుంపులో అందరికన్నా పెద్ద అభిమానిని నేనేనని నాకు లోపల కాస్త పొగరు. నేను చదివింది ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో, బాలు పీయూసీ చదివింది కూడా అక్కడే. అందులో నా గొప్ప ఏముందని అడిగితే చెప్పడానికేమీ లేదు, అయినా పాతికేళ్లుగా దొరికినవాడికల్లా చెబుతూనే ఉన్నా.

రెండు మినీ బస్సుల్లో తెల్లారకముందే బయలుదేరి నాగలాపురం, ఊత్తుకోట మీదుగా పోయాం, ఎందుకంటే ఆ దారిన పోతే పెరియపాళెం దాటాక కాస్త పక్కకి తిరిగితే తామరైపాక్కం వస్తుంది. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయారు, మర్నాడు అక్కడే ఆయన తోటలో ఖననం చేశారు. కరోనా రోజులు, టీవీ ముందు కూర్చుని ఏడవడం తప్ప కదలడానికి లేకపోయింది మాకు. బస్సులో అంతదూరం అంత్యాక్షరి ఆడుతూ వచ్చిన అరవై మందిమి అక్కడ దండం పెట్టుకుని నిలబడ్డాం, ఒక్కరి నోట కూనిరాగం రాలేదు.

చెన్నై పోర్టులో మొదటి దెబ్బ. బయటి తిండి ఓడలోకి రానివ్వరట. పుత్తూరు పెద్దమ్మ ఒకావిడ రెండు పెద్ద డబ్బాల నిండా పులిహోర తెచ్చింది, పారేయడమంటే ప్రాణం ఒప్పుతుందా, టెర్మినల్ బయటే ఒక వారగా కూర్చుని అందరం దోసిళ్లు పట్టి తినేశాం. ఆధార్ చూపించి, బ్యాగులు వాళ్లకి అప్పగించి పైకెక్కితే పదకొండు అంతస్తుల ఓడ, లిఫ్టులూ మెట్లూ తివాచీలూ, అచ్చం పెద్ద పెళ్లి జరుగుతున్న హోటల్లాగా ఉంది. నా గదికి కిటికీ లేదు, చవకలో తీసుకుంటే అంతే. లైటు ఆర్పితే అర్ధరాత్రో మిట్టమధ్యాహ్నమో తెలియదు.

బయలుదేరకముందు అందరినీ పిలిచి ప్రమాదం వస్తే ఎక్కడ గుమికూడాలో, లైఫ్ జాకెట్ ఎట్లా కట్టుకోవాలో చూపిస్తారు. హారన్ ఏడు సార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగితే ప్రమాదం అన్నమాట. అందరూ బిగుసుకుపోయి వింటుంటే నా గదిలో ఉన్న శ్రీకాళహస్తి హార్మోనియం అన్న చెవి పక్కకి వంచి, "రెండున్నర శ్రుతి" అన్నాడు. మాకు నవ్వాగలేదు, చూపించే అమ్మాయికి కోపం వచ్చింది.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. మా పాటల ట్రాకులన్నీ ఫోన్లో యూట్యూబ్‌లో పెట్టుకుందామని మా నిర్వాహకుడి ప్లాను. తీరం కనుమరుగయ్యాక సిగ్నల్ పోతుందని ఆయనకి తట్టలేదు, మాకూ తట్టలేదు. ఓడ వైఫై ధర వింటే ఇంకో టికెట్ కొన్నట్టుంది. అది చాలదని, పొద్దస్తమానం మాదే అన్న హాలు రోజుకి రెండు గంటలేనట, మిగతా టైంలో అక్కడ తంబోలా. 27 వేలు పోసి తంబోలా నంబర్లు వినడానికి వచ్చామా అని నెల్లూరు వాళ్లు గొడవకి దిగారు, నేనూ దిగాను, దాచడమెందుకు. ఓడ తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు దాటాక క్యాసినో తెరిచారు, మాలో కొందరు కోపమంతా అక్కడికి తీసుకుపోయి ఇంకాస్త వదిలించుకుని వచ్చారు.

దానికి తోడు ఓడ ఊపు. గుక్క తిప్పుకోకుండా పాడే ఆ పాట ఉంది చూడండి, ఏ పాటో మీకు చెప్పక్కర్లేదు, దాన్ని పాడి చూపిస్తానని ఒక కుర్రాడు లేచి సగంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూంకి పరుగెత్తాడు. కళ్లు మూసుకోకుండా దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుంటే తిప్పడం తగ్గుతుందని ఎవరో చెప్పారు, తగ్గిందనే అనాలి.

రెండో రాత్రి, పన్నెండు దాటాక, హార్మోనియం అన్న పెట్టె తీసుకుని పైడెక్ మీదకి పోతుంటే వెనకాలే ఎనిమిది, పది మందిమి పోయాం. మైకు లేదు, ట్రాకు లేదు, గాలికి సగం మాట ఎగిరిపోతోంది, ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుంటేగానీ వినపడదు. ఎవరో తమిళ పెద్దాయన, మా గుంపు కాదు, నిద్ర పట్టక వచ్చాడట, మేం తెలుగులో ఎత్తిన పాటకి అదే బాణీలో తమిళ చరణం అందుకున్నాడు. తర్వాత బాలు మా వాడంటే మా వాడని మొదలైంది. పుట్టిన కోనేటమ్మపేట ఇప్పుడు తమిళనాడులో ఉందని ఆయన, చదివింది మా కాళహస్తి, తిరుపతిలోనని మేము. ఆరు జాతీయ అవార్డులు నాలుగు భాషల్లో కొట్టిన మనిషి కదా, మేము ఇట్లా కొట్టుకుంటుంటే కన్నడం వాళ్లు లేకపోవడమే మంచిదైంది.

నా వంతు వచ్చింది. బాత్రూంలో వెయ్యిసార్లు పాడిన పాట, పల్లవి బాగానే దాటాను, మొదటి చరణం అయింది, రెండోది నోటికి రాలేదు. హార్మోనియం ఆగి చూస్తోంది. రెండు రోజులుగా ఒక్క పాటా పాడని పుత్తూరు పెద్దమ్మ, చలికి తలమీద చెంగు కప్పుకుని మూలన కూర్చున్నావిడ, అక్కడి నుంచే ఎత్తుకుంది. గొంతు సన్నది, వయసు తెలుస్తోంది, కానీ ఒక్క మాట తప్పలేదు. మధ్యలో ఒకచోట ఆగి, "ఇక్కడ ఆయన నవ్వుతాడు, నేను నవ్వలేను, మీరే అనుకోండి" అని మళ్లీ అందుకుంది. ఆ నవ్వు సంగతి ఇన్నేళ్లుగా వింటున్నా నేను పట్టించుకోలేదు.

తెల్లారి చెన్నైలో దిగితే నేల ఇంకా ఊగుతూనే ఉంది. వెనక్కి వచ్చే బస్సులో అంత్యాక్షరి లేదు, అందరూ నిద్రే. పుత్తూరు రాగానే పెద్దమ్మకి ఖాళీ పులిహోర డబ్బాలు కిందికి అందించాను. తీసుకుని రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి, "నాయనా, ఆ రెండో చరణం ఒక కాయితం మీద రాసి పెట్టుకోరాదా" అంది.